టికెట్ మీద ఆరున్నర గంటలు, నాకు పట్టింది ఇరవై నాలుగున్నర: సింగపూర్–న్యూయార్క్ ప్రయాణంలో నా అనుభవం

టికెట్ బుక్ అయిన రోజు సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. సింగపూర్‌లో రాత్రి 11:35కి ఎక్కుతాను, పొద్దున ఆరింటికి న్యూయార్క్ దగ్గర దిగుతాను అని. అవతల కాసేపు మాట లేదు. వేళ్ల మీద లెక్క వేసుకుంటున్నట్టుంది.

"ఆరున్నర గంటలేనా? మరి ప్రపంచానికి ఆ చివర అంటారే!"

"కాదమ్మా, పద్దెనిమిది గంటలపైనే."

"నువ్వేగా పదకొండున్నరకి ఎక్కి ఆరింటికి దిగుతానన్నావు?"

అక్కడికీ ఇక్కడికీ పన్నెండు గంటల తేడా ఉంటుందని, అది కూడా కలుపుకోవాలని చెప్పబోయాను. చెబుతుండగానే నాకే తికమక మొదలైంది. కలపాలా, తీసెయ్యాలా? ఫోన్ పెట్టేశాక కాగితం మీద రాసుకుని చూస్తే గానీ 18 గంటల 25 నిమిషాలు అని తేలలేదు. ప్రయాణం అంతా అయిపోయి తిరిగొచ్చాక కూడా "ఎంతసేపు పట్టింది?" అని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒక్క సమాధానం లేదు. నాలుగైదు ఉన్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

వెళ్లిన పని చిన్నదే. మా ఆఫీసుకి న్యూయార్క్‌లో ఉన్న శాఖలో రెండు వారాల ట్రైనింగ్, 2024 అక్టోబర్ 21 సోమవారం నుంచి నవంబర్ 1 శుక్రవారం దాకా. ఆఫీసు ఇచ్చేది మధ్యలో ఒకచోట మారే ఎకానమీ టికెట్ ఖర్చు వరకే. నేరుగా వెళ్లే విమానంలో అసలు ఎకానమీనే లేదు. సింగపూర్ నుంచి న్యూయార్క్ పక్కనున్న న్యూఆర్క్ విమానాశ్రయానికి వెళ్లే, బాగా దూర ప్రయాణాల కోసమే చేసిన ఆ ఎయిర్‌బస్ ఎ350-900 యూఎల్ఆర్‌లో మొత్తం 161 సీట్లే: బిజినెస్ 67, ప్రీమియం ఎకానమీ 94. అంత దూరానికి సరిపడా ఇంధనం మోయాలంటే మనుషుల్ని తగ్గించుకోవాలి మరి. నాకు ప్రీమియం ఎకానమీ, మారే టికెట్ కంటే దాదాపు రెట్టింపు పడింది. తేడా నా జేబులోంచే.

రెట్టింపు పెట్టి ఎందుకు కొన్నావని స్నేహితులు అడిగారు. ఇంతకుముందు ఒకసారి మారాల్సిన విమానం కళ్లముందే వెళ్లిపోయి, తొమ్మిది గంటలు ఎయిర్‌పోర్ట్ నేల మీద బ్యాగు తలకింద పెట్టుకుని పడుకున్నాను. ఆ రాత్రి గుర్తొచ్చి కొన్నాను, అంతే. లెక్క చూస్తే మిగిలేది నాలుగైదు గంటలు. వెళ్లేటప్పుడు ఆ డబ్బు వృథా కాలేదనిపించింది. వచ్చేటప్పుడు మాత్రం అనుమానం వచ్చింది.

దూరం ఎంత అంటే

బుక్ చేశాక ఆత్రం కొద్దీ రెండు నగరాల మధ్య దూరం వెతికాను. దూరం విషయంలో అన్నిచోట్లా ఒకటే మాట, దాదాపు 15,340 కిలోమీటర్లు. మైళ్లలో చెబితే తొమ్మిదిన్నర వేలు. భూమి చుట్టుకొలత దాదాపు 40 వేల కిలోమీటర్లు కాబట్టి ఏ రెండు ఊళ్లయినా 20 వేలకు మించి దూరంగా ఉండలేవు. నేను వెళ్లేది అందులో మూడొంతులు.

సమయం దగ్గరే తేడాలు. ఒకచోట 19 గంటల 40 నిమిషాలు, ఇంకోచోట పదిహేడు గంటలు, నా టికెట్‌లో 18:25. తర్వాత అర్థమైంది. చాలావాటిలో ఎవరో కొలిచి రాసిన సమయం కాదది. దూరాన్ని గంటకి 800 కిలోమీటర్లతో భాగించి, ఎక్కడానికి దిగడానికి ఒక అరగంట కలుపుతారు. అంతే లెక్క. గాలి ఎటు వీస్తోంది, విమానం ఏ దారిన వెళుతుంది అన్నది అందులో ఉండదు. టికెట్‌లో ఉండే సమయం కూడా గాల్లో ఉండే సమయం కాదు. ఇక్కడ గేటు వదిలినప్పటి నుంచి అక్కడ గేటు చేరేదాకా, ఆలస్యాలకి కాస్త వెసులుబాటు కలుపుకుని వేసిన లెక్క.

ఆ వారం ఒక స్నేహితుడి ఇంటికి వెళితే వాళ్ల పాప గదిలో గ్లోబు కనిపించింది. కుట్టుదారం అడిగి తీసుకుని ఒక కొస సింగపూర్ మీద, ఇంకో కొస న్యూయార్క్ మీద పెట్టి బిగించి లాగాను. దారం పసిఫిక్ మీదుగా పోలేదు, అట్లాంటిక్ మీదుగానూ పోలేదు. చైనా, సైబీరియా దాటి నేరుగా ఉత్తర ధ్రువాన్ని రాసుకుంటూ వెళ్లి అవతలి వైపు కెనడాలో దిగింది. గోడ మీది మ్యాపులో ఎన్నేళ్లు చూసినా తోచని సంగతి. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా దాదాపు 178 డిగ్రీలు, అంటే ఒకటి భూమికి ఇటుంటే ఇంకోటి సరిగ్గా అటు. అలాంటప్పుడు దగ్గరి దారి నెత్తి మీదుగానే. పాప కూడా దారం పట్టుకుని కాసేపు ఆడింది. నేను మాత్రం ధ్రువం దగ్గరి మంచు చూస్తానని లోలోపల సంబరపడ్డాను. ఆ సంబరం తీరలేదు, చెబుతాను.

అక్టోబర్ 18, శుక్రవారం

రాత్రి 7:45కి ఇంటి తలుపు వేశాను. ఈ టైమ్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

చేతికి నాన్న ఇచ్చిన పాత ముళ్ల గడియారం ఉంది. టైమ్ ఎప్పుడు మార్చాలా అని టాక్సీలో ఆలోచిస్తుంటే తట్టింది: తేడా సరిగ్గా పన్నెండు గంటలు. ముళ్ల గడియారానికి పన్నెండు గంటల తేడా తెలియదు. రాత్రి ఎనిమిదైనా పొద్దున ఎనిమిదైనా ముళ్లు అక్కడే ఉంటాయి. అంటే దీన్ని అసలు ముట్టుకోనక్కర్లేదు! ఎంత పిచ్చి సంతోషమో. ఆ సంతోషమే తర్వాత నా కొంప ముంచింది.

చాంగీ విమానాశ్రయంలో చెకిన్, ఇమిగ్రేషన్ ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. పద్దెనిమిది గంటలు కదా అని లోపలి షాపులో పెద్ద నీళ్ల బాటిల్ కొన్నాను. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. నేను ఎక్కిన టెర్మినల్‌లో సెక్యూరిటీ తనిఖీ ఇమిగ్రేషన్ దగ్గర కాదు, గేటు దగ్గర. కొన్న బాటిల్ అరగంట కూడా నా దగ్గర లేదు. ఖాళీ బాటిల్ తీసుకెళ్లి తనిఖీ అయ్యాక నింపుకోవడం మేలు. అమెరికా వెళ్లే విమానం కాబట్టి గేటు దగ్గర ఇంకో విడత ప్రశ్నలు కూడా ఉంటాయి, బ్యాగు ఎవరు సర్దారు, ఎవరైనా ఏమైనా ఇచ్చారా అని. గేటుకి గంటన్నర ముందు చేరడం మంచిదని నాకు అనిపించింది.

11:41కి విమానం గేటు వదిలింది. 11:58కి నేల వదిలింది. నాకు నడవ పక్కన సీటు. పక్కన కిటికీ దగ్గర ఒక పెద్దాయన, ఎక్కగానే బూట్లు విప్పి సంచిలోంచి వదులు చెప్పులు తీసి వేసుకున్నాడు. ఆయన్ని చూసి నేనూ బూట్లు విప్పాను, కానీ నా దగ్గర చెప్పులు లేవు.

గాల్లో

సీటు ముందు తెరలో మ్యాప్ పెట్టుకుని కూర్చున్నాను. మొదట్లో మిగిలిన దూరం 16 వేల కిలోమీటర్ల పైచిలుకు చూపించింది. గ్లోబు మీది లెక్కకంటే ఎక్కువ. దారి కూడా ఉత్తరానికి కాదు, ఈశాన్యానికి: తైవాన్ పక్కగా, జపాన్ దాటి, ఉత్తర పసిఫిక్ మీదుగా అలాస్కాకి. నీళ్లు అడగడానికి వెనక వంటగది దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడున్న అమ్మాయిని అడిగాను, ధ్రువం మీదుగా దగ్గర కదా, ఎందుకు వెళ్లరు అని. ఆమె నవ్వి, "దగ్గరి దారి వేరు, తొందరగా చేరే దారి వేరండీ. బయలుదేరే ముందు గాలి ఎటుందో చూసి ఆ రోజుకి దారి గీస్తారు" అంది.

అది కళ్లతో చూశాను. జపాన్ దాటాక తెర మీద వేగం 1,100 దాటింది. మామూలుగా ఇలాంటి విమానాలు గంటకి 900 చుట్టుపక్కల వెళతాయి. ఆ ఎత్తులో పడమటి నుంచి తూర్పుకి ఉరికే గాలి ప్రవాహం ఒకటి ఉంటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. మా విమానం దాని వీపు మీద ఎక్కి కూర్చుంది. వెయ్యి కిలోమీటర్లు చుట్టు తిరిగినా ఆ గాలి తోపుడుతో లాభమే.

వెనక తలుపుకి చిన్న గుండ్రటి కిటికీ ఉంది. నిలబడి బయటకి చూడటానికి విమానం మొత్తంలో నాకు దొరికిన చోటు అదొక్కటే. పున్నమి వెళ్లి ఒక రోజే అయింది. కింద మబ్బులన్నీ పాలు ఒలకబోసినట్టు తెల్లగా. ఆ రాత్రికి అదొక్కటే హాయి.

మిగతాది చెప్పాలంటే, మొదటి నాలుగు గంటలు సరదాగానే గడిచాయి. భోజనం అర్ధరాత్రి దాటాక పెట్టారు. ఒక సినిమా చూశాను. కళ్లు మూసుకుంటే ఓ మూడు గంటలు నిద్ర పట్టింది. లేచి, చాలాసేపు పడుకున్నాను, సగం దారైనా వచ్చి ఉంటుంది అనుకుని తెర చూస్తే ఇంకా 10 గంటల 20 నిమిషాలు. అప్పుడొచ్చింది గుండెల్లో ఒక రకమైన దడ. భయం అనలేను. లిఫ్టులో ఇరుక్కున్నట్టు. దిగడానికి లేదు, ఆపమనడానికి లేదు, ఇంకా పది గంటలు. లేచి నడవలో అటూ ఇటూ పన్నెండుసార్లు నడిచాను. నడుస్తుంటే తగ్గింది. ఆ తర్వాత మ్యాప్ కట్టేసి, గంటకోసారి లేచి తిరగడం మాత్రం పెట్టుకున్నాను. మీకూ అలా అయితే తెర మీద అంకె చూడటం మానేయండి, నాకు పనిచేసింది అదే.

వెలుగు సంగతి ఇంకో వింత. ఎక్కిన ఐదు గంటలకి తెల్లారింది, మేం సూర్యుడికి ఎదురు పోతున్నాం కదా. ఇంకో ఏడు గంటలకి, అలాస్కా వైపు, పొద్దుగూకిపోయింది. ఒక పగలు మొత్తం ఏడు గంటల్లో అయిపోయింది. అందులోనూ సగంసేపు కిటికీ రెప్పలు దించేసి, లైట్లు ఆర్పేసి అందరినీ పడుకోబెట్టారు.

తేదీ ఇంకా వింత. శుక్రవారం రాత్రి ఎక్కాం, విమానం గేటు వదిలి ఇరవై నిమిషాలు కాకుండానే అక్టోబర్ 19 వచ్చింది. పసిఫిక్ మధ్యలో అంతర్జాతీయ దినరేఖ దాటగానే మళ్లీ అక్టోబర్ 18 మధ్యాహ్నం. కెనడా మీద ఎక్కడో అర్ధరాత్రి దాటి మళ్లీ అక్టోబర్ 19. ఒకే తేదీ నాకు రెండుసార్లు మొదలైంది. నేను రోజూ నిద్ర లేవగానే ఒక థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. ఇలాంటి రోజున అది ఎప్పుడు వేసుకోవాలో ముందే డాక్టర్ని అడిగి రాయించుకున్నాను కాబట్టి సరిపోయింది. విమానంలో కూర్చుని "ఈ రోజు మాత్ర వేసుకున్నానా?" అని ఆలోచిస్తే తేలే విషయం కాదు. షుగరుకి, బీపీకి మందులు వాడేవాళ్లు ఇది మరిచిపోవద్దు.

అక్టోబర్ 19, రెండోసారి

5:21కి చక్రాలు నేలకి తగిలాయి. బయట ఇంకా చీకటి. గాల్లో ఉన్నది 17 గంటల 23 నిమిషాలు. గేటు నుంచి గేటుకి లెక్కిస్తే 17 గంటల 53 నిమిషాలు. టికెట్‌లో రాసినదానికంటే అరగంట ముందే.

బూట్లు వేసుకోబోతే పట్టలేదు! కాళ్లు అంత వాచాయి. పిక్కలకి బిగుతు మేజోళ్లు వేసుకుంటే మంచిదని ఎవరో చెప్పారు గానీ నేను పట్టించుకోలేదు. లేసులు మొత్తం విప్పేసి, మడమ తొక్కుకుంటూ చెప్పుల్లా ఈడ్చుకుంటూ దిగాను. పక్క సీటు పెద్దాయన నా కాళ్లవైపు ఒక చూపు చూసి ఏమీ అనలేదు.

అంత పొద్దున్నే దిగితే ఇమిగ్రేషన్ ఖాళీగా ఉంటుందనుకున్నాను. అప్పుడే ఇంకో రెండు విమానాలు దిగినట్టున్నాయి. యాభై నిమిషాలు పట్టింది. ఎన్ని రోజులుంటావు, ఏం పని, ఎక్కడ ఉంటావు, అంతే ప్రశ్నలు. ట్రైనింగ్ లెటర్, హోటల్ బుకింగ్, తిరుగు టికెట్ కాగితాలు చేతిలో ఉంచుకున్నాను. అడగలేదు, కానీ చేతిలో ఉంటే నోరు తడబడదు.

ఇక్కడ ఒక మాట. టికెట్‌లో న్యూయార్క్ అనే ఉన్నా న్యూఆర్క్ విమానాశ్రయం ఉన్నది న్యూజెర్సీ రాష్ట్రంలో. దిగగానే న్యూయార్క్ వచ్చేసినట్టు కాదు. విమానాశ్రయంలో తిరిగే ఎయిర్‌ట్రెయిన్ ఎక్కి రైల్వే స్టేషన్‌కి వెళ్లి, అక్కడ న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలు పట్టుకుని, హడ్సన్ నది కింద సొరంగంలోంచి మన్‌హాటన్ పెన్ స్టేషన్‌లో తేలాలి. ఇరవై డాలర్ల లోపే అయింది. టాక్సీ అయితే దానికి ఎన్నో రెట్లు. రైల్లో కూర్చున్నాక నిద్ర ముంచుకొచ్చింది, దిగాల్సింది ఆఖరి స్టేషన్ కాబట్టి బతికిపోయాను.

హోటల్ చేరేసరికి 8:20. రిసెప్షన్‌లో అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది, గది మధ్యాహ్నం మూడింటికి అని. నేను బుక్ చేసింది 19వ తేదీ రాత్రి నుంచి. 19 పొద్దున్నే దిగేవాడికి గది కావాల్సింది 18 రాత్రి నుంచి అన్నది నా బుర్రకి తట్టలేదు. ముందే తెలిసుంటే ఒక రాత్రి అదనంగా తీసుకుని, పొద్దున వస్తానని హోటల్‌కి రాసి పెట్టుకునేవాణ్ణి. అలా రాయకపోతే మనం రాలేదనుకుని బుకింగ్ మొత్తం రద్దు చేసే ప్రమాదం కూడా ఉందట. అరవై డాలర్లు కడితే పదకొండింటికి గది ఇస్తామన్నారు. కట్టాను. రెండున్నర గంటలు లాబీ సోఫాలో కూర్చున్నాను. ప్రయాణం మొత్తంలో ఎక్కువ కష్టంగా గడిచింది ఎప్పుడు అంటే విమానం కాదు, ఆ సోఫా.

అక్కడ కూర్చుని లెక్క వేశాను. ఇంటి తలుపు వేసింది 7:45. హోటల్ తలుపు తెరిచింది 8:20. ముళ్ల గడియారం ముఖం చూస్తే ముప్పై అయిదు నిమిషాలు. నిజానికి 24 గంటల 35 నిమిషాలు. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "ఏదో ఒకటిలే, అన్నం తిన్నావా?" అంది.

పన్నెండు గంటల తేడా అంటే

జెట్ లాగ్ గురించి చాలా విన్నాను, రెండు రోజులు మత్తుగా ఉంటుంది, అంతేగా అనుకున్నాను. పన్నెండు గంటలు అంటే ఆఖరి మెట్టు. పగలూ రాత్రీ పూర్తిగా తిరగబడతాయి. రోజుకి ఒక గంట చొప్పున ఒళ్లు సర్దుకుంటుందని ఒక లెక్క చెబుతారు. ఆ లెక్కన పన్నెండు రోజులు కావాలి, నా ట్రైనింగే పన్నెండు రోజులు.

శనివారం రాత్రి ఎనిమిదికి మంచం మీద వాలితే ఒంటిగంటన్నరకి మెలకువ. ఆకలి! మామూలు ఆకలి కాదు, మధ్యాహ్న భోజనం వేళ ఆకలి. కడుపుకి ఇంకా సింగపూర్ టైమే. ఆదివారం రెండున్నరకి. సోమవారం ట్రైనింగ్‌లో పొద్దున బాగానే ఉన్నాను, మధ్యాహ్నం రెండు దాటాక తల బల్ల మీదికి వాలిపోతోంది. ఎదుట మనిషి మాట్లాడుతున్నది వినిపిస్తోంది, మాటలు అర్థం కావట్లేదు. మంగళవారం ఏ కారణం లేకుండా ఏడుపు వచ్చింది. హోటల్ గదిలో, తెల్లవారుజామున మూడింటికి, ఫోన్‌లో పాత ఫోటోలు చూస్తూ. నిద్ర లేకపోతే మనసు అంత పలచబడుతుందని నాకు ముందు తెలియదు.

పనికొచ్చినవి రెండే. పొద్దున వెలుగు రాగానే బయటికి వెళ్లి ముప్పావుగంట నడవడం. సాయంత్రం ఎంత నిద్రొచ్చినా తొమ్మిదిదాకా నిలబడటం, కూర్చుంటే పోయినట్టే. మధ్యాహ్నం "పది నిమిషాలు" అని పడుకున్న రోజు రాత్రి మొత్తం జాగారం. వారం దాటాక, 28వ తేదీ సోమవారం, మొదటిసారి పొద్దున ఆరుదాకా నిద్రపోయాను. ఇంకో వారంలో మళ్లీ తిరుగు ప్రయాణం.

నవంబర్ 3

ట్రైనింగ్ శుక్రవారం ముగిసింది. ఆదివారం పొద్దున పదింటికి పెన్ స్టేషన్ దగ్గర ఒక పాత స్నేహితుణ్ణి కలవాలి. చేతి గడియారం చూసుకుని తొమ్మిదిన్నరకి బయలుదేరాను. పదైంది, రాలేదు. పదింబావు, రాలేదు. ఫోన్ చేస్తే నిద్ర గొంతుతో, "ఇంకా తొమ్మిదింబావేగా?" అన్నాడు.

నవంబర్ మొదటి ఆదివారం తెల్లవారుజామున అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఫోన్ తనంతట తనే మారిపోయింది, ముళ్ల గడియారం మారదు కదా. నేను ఫోన్‌ని చూడనే లేదు. వేసవిలో సింగపూర్‌కీ న్యూయార్క్‌కీ పన్నెండు గంటలున్న తేడా ఆ రోజు నుంచి మార్చి దాకా పదమూడు. చలికి వణుకుతూ ఇంకో ముప్పావుగంట నిలబడ్డాను. ఆ కోపంలో అక్కడికక్కడే గడియారం ఒక గంట వెనక్కి తిప్పాను.

తిరుగు ప్రయాణం

నవంబర్ 4 సోమవారం పొద్దున 10 గంటలకి విమానం, మంగళవారం సాయంత్రం 5:45కి సింగపూర్. టికెట్ మీద చూస్తే దాదాపు 32 గంటలు, నిజానికి 18 గంటల 45 నిమిషాలు. ఈసారి తేడా తీసెయ్యాలి, కలపకూడదు. వెళ్లేటప్పుడు ఒక రాత్రిలో చేరినట్టు ఉంటుంది, వచ్చేటప్పుడు ఒక రోజు గల్లంతవుతుంది. నేను సెలవు పెట్టింది సోమవారం ఒక్కరోజే! పద్దెనిమిది గంటలేగా, మంగళవారం ఆఫీసుకి వచ్చేస్తానని మేనేజర్‌కి చెప్పి వచ్చాను. ఆదివారం రాత్రి చెకిన్ చేస్తున్నప్పుడు చూసుకుని, తల కొట్టుకుని, ఇంకో రోజు సెలవు అడుగుతూ మెసేజ్ పెట్టాను.

హోటల్ నుంచి 6:30కి బయలుదేరాను. ఈసారి సంచిలో వదులు చెప్పులు, బిగుతు మేజోళ్లు, ఖాళీ నీళ్ల బాటిల్ ఉన్నాయి. 10:24కి పైకి లేచాం.

వచ్చిన దారినే వెనక్కి వెళతామనుకున్నాను. విమానం మళ్లీ తూర్పుకే తిరిగింది! అట్లాంటిక్ మీదుగా, యూరప్ దాటి, మధ్య ఆసియా మీదుగా, చివరికి బంగాళాఖాతం, అండమాన్ సముద్రం. పసిఫిక్ దారిన వెళితే ముందు మమ్మల్ని తోసిన గాలే ఎదురొచ్చేది. ఇటుగా వస్తే మళ్లీ వెనక నుంచి తోపుడు. రెండు ఊళ్లూ భూమికి అటొకటి ఇటొకటి కాబట్టి ఎటు వెళ్లినా దూరంలో పెద్ద తేడా లేదు. అంటే పద్దెనిమిది రోజుల్లో నేను భూమిని తూర్పుగా ఒక పూర్తి చుట్టు చుట్టేశాను. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, మ్యాప్ చూస్తుంటే సగం అట్లాంటిక్ దాటాక తట్టింది. పక్క సీటతనికి చెబుదామని తిరిగితే అప్పటికే నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

వెళ్లేటప్పుడున్న దడ ఈసారి రాలేదు. కానీ నిద్ర కూడా రాలేదు. ఎక్కింది పొద్దున పది గంటలకి కదా, నాలుగు గంటలు గడిచేసరికే బయట చీకటి పడింది, ఒళ్లు మాత్రం ఇంకా మధ్యాహ్నం అంటోంది. అందరూ దుప్పట్లు కప్పుకున్నారు, నేను కళ్లు తెరుచుకుని కూర్చున్నాను. మారే విమానమైతే మధ్యలో దిగి నాలుగడుగులు వేసి, ఒక కాఫీ తాగి, మనుషుల్ని చూసేవాణ్ణి కదా అనిపించింది. డబ్బు తేడా గుర్తొచ్చింది. ఇంకోసారి వెళితే పోవడం నేరుగా, రావడం మధ్యలో దిగి. నా వరకు అదీ నిర్ణయం.

మంగళవారం సాయంత్రం 5:05కి దిగాం. గాల్లో 17 గంటల 41 నిమిషాలు. ఇంటి తలుపు తీసేసరికి 6:30, తలుపు నుంచి తలుపుకి సరిగ్గా ఇరవై మూడు గంటలు.

బుధవారం

రాత్రి తొమ్మిదికి పడుకుంటే రెండింటికి మెలకువ. గదిలో కాసేపు, హాల్లో కాసేపు. బట్టలు ఉతికాను. ఐదు దాటాక ఎప్పుడో సోఫాలోనే నిద్రపట్టింది. కళ్లు తెరిచి చేతి గడియారం చూస్తే 8:05. తొమ్మిదిన్నరకి మీటింగ్, చాలా టైముంది. ఫోన్ పడకగదిలో చార్జింగ్‌లో ఉంది. తీరిగ్గా స్నానం చేసి, కాఫీ పెట్టుకుని తాగి, ఫోన్ జేబులో వేసుకుని బయటపడ్డాను. స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీద నిలబడి తెర వైపు చూస్తే 9:41. చేతి గడియారంలో 8:41.

ఆఫీసులో చెప్పిన కారణం ఎవరూ నమ్మలేదు. సాయంత్రం అమ్మకి చెప్పాను, మొదటి నుంచి, పన్నెండు, పదమూడు, ఒక గంట వెనక్కి, అన్నీ. ఓపిగ్గా వింది.

"అంటే నువ్వు ఆ గడియారాన్ని అసలు ముట్టుకోకుండా ఉండుంటే ఇక్కడికొచ్చాక సరిగ్గానే ఉండేదిగా నాన్నా?"

ఒక నిమిషం ఆలోచించాను. అవును.